ఎర్రబండలో కోళ్లకు రెక్కలు అతికించిన వైనం

రోజు 402

పొద్దున్నే గూడు తలుపు తీసి కోళ్లను లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. నిన్న ముప్పై నాలుగు ఉండేవి. మళ్లీ లెక్కపెడితే ముప్పై రెండు వచ్చింది. మా పుంజు ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి నా ముందు నడిచి రెండుసార్లు లెక్కలోకి ఎక్కింది. దానికి తన మీద అంత గౌరవం. ముప్పై ఒకటే.

దోషి ఎవరో వెతకాల్సిన పని పడలేదు. నేను చూస్తుండగానే మల్లి అనే తెల్ల కుక్క వేరుశనగ మళ్ల వైపు నుంచి పరుగెత్తుకొచ్చి ఆరడుగుల కంచె మీదుగా లేచింది. ఇక్కడ దేని బరువైనా భూమ్మీది బరువులో మూడో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. మా ఊళ్లో అయిదారడుగులు దూకే కుక్క ఇక్కడ పదిహేను అడుగులు దూకుతుంది. తీగ మీద ఆరేసిన దుప్పటి గాలికి లేచిపోయినట్టు, తోక ఊపుకుంటూ నా తల మీదుగా నింపాదిగా పోయింది. దాన్ని, దాని తల్లిని, దాని తల్లి తల్లిని తిట్టి ముగించేసరికి కూడా అది ఇంకా నేల మీదికి దిగలేదు. చేతిలో ఉన్న చేట విసిరాను. చేట కూడా నింపాదిగానే పోయింది. మల్లి కిందికి దిగి, చేట దిగేదాకా కాచుకుని, దాన్ని నోట కరచి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

ఈ పుస్తకంలో కోళ్ల సంఖ్య, గుడ్ల సంఖ్య మాత్రం రాయాలని నియమం. ఇవాళ గుడ్లు పదకొండు. మిగతాది కడుపు మంట కొద్దీ రాస్తున్నాను.

రోజు 405

కుక్కల మనిషి కుళ్లాయప్ప దగ్గరికి వెళ్లి గొడవ పెట్టుకున్నాను. ఆయనకు అరవై ఏళ్లు. మా ఈ ఎర్రబండ ఊరి బయటికి పోయే ఇనుప తలుపులు, మా అందరి నెత్తిన ఉన్న గాజు కప్పు, వాటి అంచులు, అతుకులు అన్నీ ఆయన చేతిలోనివే. పందొమ్మిది కుక్కలు ఆయన షెడ్డు ముందు పడుకుంటాయి. వచ్చినప్పుడు ఆరే.

"అన్నా, నీ కుక్కల్ని కట్టేస్తావా లేదా?"

"కట్టేస్తే గాలి పోయే చోటు ఎవురు కనుక్కుంటారు మ్మా? నువ్వా, నేనా?" అన్నాడాయన, స్పానరు కింద పెట్టకుండానే. "కప్పు అంచులో సూది మొనంత సందు పడినా దాని సన్న ఈల వాటికే వినిపిస్తాది. పరికరం పసిగట్టేలోపల మల్లి పోయి ఆ గోడ కాడ మొరిగింటాది. పోయిన ఏడు ఎన్నిసార్లో తెలుసునా? తొమ్మిదిసార్లు!"

"అయితే నా కోళ్లని తినమని చెప్పినావా దానికి?"

"జీతం అడగతాండ్లేదు గదా పాపం."

నాకు నవ్వు రాకూడదని గట్టిగా అనుకున్నాను గానీ వచ్చింది. నవ్విన మీదట గొడవ సాగలేదు.

కోళ్లను మాత్రం గూట్లో పెట్టగలనా? నీళ్లు లేని చోట పంట తీయడం ఎవరికి చేతనవునని వెతుక్కుంటూ వచ్చిన సర్కారువాళ్లు అనంతపురం రైతులను మూడు వందల మందిని ఏరి ఈ అంగారకుడి మీద దించారు. మాతోపాటు ఎరువు సంచుల్లో వేరుపురుగు కూడా దిగింది. మట్టిలో ఉండి వేరుశనగ వేళ్లు కొరికేస్తుంది. మందు కొడితే ఆ విషం తిరిగి మేము తాగే నీళ్లలోకే వస్తుంది. ఉన్న మందు కోడి ఒక్కటే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పన్నెండెకరాల్లో ఇష్టమొచ్చినట్టు తిరిగి, కాళ్లతో మట్టి చెరిగి, పురుగును ఏరుకు తినాలి. అవి తిరగకపోతే పంట లేదు. కుక్కలు తిరగకపోతే గాలి లేదు. రెండూ తిరిగితే కోళ్లు లేవు.

రోజు 409

కంచెను ఇరవై అడుగులకు పెంచాను. కుక్కలు కింద తవ్వాయి. కింద రాళ్లు పేర్చాను. అవి రాళ్ల మీదికెక్కి అక్కడి నుంచి ఎగిరాయి. నా పాత చీర చుట్టి దిష్టిబొమ్మ నిలబెట్టాను. దాని ఒళ్లో తలపెట్టుకుని రెండు కుక్కలు కునుకు తీశాయి.

నిన్న వంటశాల నుంచి కారం అడిగి తెచ్చి, నూనెలో కలిపి ఒక్కో కోడి మెడకూ పట్టించాను. ఇవాళ ఒక కోడి పోయింది. కుళ్లాయప్పే స్వయంగా వచ్చి చెప్పాడు.

"సుంకమ్మా, కుక్కలకు కోడిని పెట్టడమే కాకుండా మసాలా కూడా పూసి పెడతాండావంట. ఉప్పు కొంచెం తగ్గిందని మావోళ్లు అంటాండారు."

చెప్పు తీశాను. ఆయన నా కంటే పెద్దవాడు కనుక తిరిగి వేసుకున్నాను.

కోళ్లు ఇరవై ఎనిమిది.

రోజు 413

ఒక్క మధ్యాహ్నం మూడు పోయాయి. ఇరవై అయిదు. పోయినవాటిలో రెండు గుడ్లు పెట్టే పెట్టలు. ఒకటి పొదగడానికి సిద్ధంగా ఉన్నది.

సాయంత్రం హసీనా మేడం ఇద్దరినీ పిలిపించింది. ఎర్రబండకు ఆమే అధికారి. నలభై ఏళ్ల మనిషి. మూడు వందల మంది తిండి, గాలి, నీళ్లు తలకెత్తుకుని నిద్ర కూడా సరిగా పోని మనిషి. కోపంగా మాట్లాడలేదు. అందుకే భయమేసింది.

"అక్కా, పంట పోతే మనకు తొంభై రోజుల తిండి ఉండాది. అన్నా, సందు పడితే మనకు నలభై నిమిషాల గాలి ఉండాది. నాకు రెండూ కావాల. కోళ్లూ కుక్కలూ ఒకే చోట బతికే దారి మీరిద్దరూ చూడండి. ముప్పై రోజులు టైమిస్తాండా."

"లేకపోతే?" అన్నాడు కుళ్లాయప్ప.

"లేకపోతే నాలుగు కుక్కల్ని ఉంచి, షెడ్డు చుట్టూ గొలుసేసి కడదాం. మిగతా పదహైదింటికి..." ఆమె నా వైపు చూసింది. "సూది నువ్వే వేయాల్సి వస్తాదక్కా. ఆ పని తెలిసినోళ్లు ఇంగెవరూ లేరు."

ఊళ్లో ఇరవై రెండేళ్లు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశాను. ఆ సూది ఎలా వేయాలో నాకు తెలుసు. వేశాక ఇంటికెళ్లి అన్నం తినలేకపోవడం కూడా తెలుసు. బయటికి వచ్చాక కుళ్లాయప్ప నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మల్లి మాత్రం నా వెనకే మా గది దాకా వచ్చి, తలుపు వేస్తే బయట పడుకుంది.

రోజు 415

ఇవాళ జరిగింది రాయబోతే అక్షరాలు వంకరపోతున్నాయి. భయం కాదు, నవ్వి నవ్వి.

పదకొండు గంటలప్పుడు బూడిద రంగు పెట్ట ఒకటి మడి చివర మేస్తుంటే, ఒక నల్ల కుక్క దాని మీదికి లంఘించింది. నేను అరిచాను. పెట్ట కూడా అరిచింది. అరుస్తూ రెక్కలు కొట్టింది. కొడుతూనే లేచింది. కుక్క దాని వెనకే పదిహేను అడుగులు లేచింది. అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా ఒక్క క్షణం నిలిచారు. పెట్ట కుక్కను చూసింది, కుక్క పెట్టను చూసింది. తర్వాత కుక్క కిందికి, పెట్ట పైకి. ఇరవై అడుగులు. ముప్పై. నలభై అడుగుల ఎత్తున కప్పును మోసే ఇనుప దూలం మీద వాలి, ఈకలు దులుపుకుని, ఎవరో బలవంతంగా పెద్దాఫీసరు కుర్చీలో కూర్చోబెట్టినట్టు ముఖం పెట్టింది.

నేను మడిలోనే కూర్చుండిపోయాను. కడుపు పట్టుకుని నవ్వాను. నా చుట్టూ పనివాళ్లు మూగారు. నవ్వు ఆగాక అర్థమయింది.

కోళ్ల పెంపకం పుస్తకం భూమ్మీద రాసింది. కోడి కంచె దాటి పోకుండా ఆరు వారాలకొకసారి ఒక రెక్క పెద్ద ఈకలు పది కత్తిరించాలని అందులో ఉంది. వచ్చిన నాటి నుంచి నేను తప్పకుండా కత్తిరిస్తున్నాను. ఈ కుక్కల గొడవలో పడి ఈ రెండు నెలలు ఆ పని మరిచాను. బూడిద పెట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి తెచ్చుకుంది. ఎగరగలిగే ప్రాణుల రెక్కలు నేనే కత్తిరించి, కుక్కల ముందు వదిలి, కుక్కలను తిడుతున్నాను.

మధ్యాహ్నం బూడిద పెట్ట తనే దిగి వచ్చింది. వంటశాల కప్పు మీద ఒకసారి, నీళ్ల గొట్టం మీద ఒకసారి ఆగి, పెద్దమనిషి మెట్లు దిగినట్టు దిగింది.

రోజు 416

ఈకలు రాల్చుకున్నవి నాలుగే. తక్కిన ఇరవై ఒకటికి రెక్కలో కత్తిరించిన ఈకల మోళ్లే ఉన్నాయి. అవి రాలి కొత్తవి రావాలంటే రెండు, మూడు నెలలు. గడువు ఇంకా ఇరవై ఏడు రోజులు.

తెల్లవారేసరికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఎప్పుడో పావురాలు పెంచే ఒకాయన రెక్క ఈకలు విరిగిన పావురాన్ని మా ఆసుపత్రికి తెచ్చాడు. డాక్టరు విరిగిన ఈక మోడులో సన్న వెదురు పుల్ల దూర్చి, జిగురు రాసి, రెండో కొసకు వేరే ఈక తొడిగాడు. ఈకకు ప్రాణం ఉండదు. గోరు లాంటిదే. నొప్పి తెలియదు. ఆ పావురం కిటికీలోంచి ఎగిరిపోతే ఆయన ఫీజు ఇవ్వడం కూడా మరిచి దాని వెనక పరుగెత్తాడు.

కుళ్లాయప్ప షెడ్డుకు పోయి చెప్పాను. మూడు రోజులుగా పలకని మనిషి స్పానరు కింద పెట్టాడు.

"ఈకకు ఈక అతికేసేదా? రెండొందల పది?"

"నీ చేతికి సన్న పని వస్తాది గదన్నా. అతుకులేసేది నీ పనే గదా."

"జిగురుండాది. తలుపు అంచులకు పూసేది, ఈడి సలికి కూడా ఊడదు. పుల్లలు?"

"వంటశాల పొరక ఉండాది. కొబ్బరి పుల్లలే."

"ఈకలు?"

అప్పుడు ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఇక్కడ ఏదీ పారేయం. నేను కత్తిరించిన ఈకలన్నీ నాలుగొందల రోజులుగా దిండ్లలోకి పోతున్నాయి.

రోజు 418

హసీనా మేడం మైకులో చెప్పింది, నవ్వకుండా: "ఎర్రబండ ప్రజలకు విన్నపం. మీ మీ దిండ్లు తీసుకుని భోజనశాలకు రావాల. పొడుగు ఈకలు సుంకమ్మక్కకు ఇచ్చి, పొట్టివి తిరిగి కుట్టుకోవాల."

మూడు వందల పన్నెండు మంది దిండ్లు తెచ్చుకుని బల్లల ముందు కూర్చున్నారు. దిండు కుట్లు ఒక్కసారి విప్పితే ఏమవుతుందో నేను ఆలోచించలేదు. ఈక భూమ్మీదే నింపాదిగా పడుతుంది. ఇక్కడ అది పడదలుచుకోలేదు. అయిదు నిమిషాల్లో భోజనశాలలో ఎదుటి మనిషి కనిపించలేదు. ఎవరో తుమ్మారు, ఆ మూల ఈకలన్నీ ఈ మూలకు వచ్చాయి. ఈ మూలవాళ్లు తుమ్మారు. పిల్లలు బల్లల మీదికెక్కి దూకుతూ ఈకలు పట్టడం మొదలుపెట్టారు. వాళ్లను దింపడానికి వెళ్లిన పెద్దవాళ్లు దిగలేదు. రాగిముద్దల గంపలోకి పోయిన ఈకలను వంటవాళ్లు ఇంకా ఏరుతున్నారు.

"మెడలో గుచ్చుకునేది ఇదేనా? ఏడాది నుంచి ఇదేనా?" అని ఒకాయన జానెడు ఈకను పట్టుకుని, దొంగను పట్టుకున్నంత సంతోషంగా అందరికీ చూపించాడు.

ఆరు వందల పైగా దొరికాయి. కావలసినన్ని ఏరుకోవచ్చు. నా జడలోంచే పద్నాలుగు తీశారు.

రోజు 429

రోజుకు రెండు కోళ్లు. పని పూర్తయ్యేదాకా అన్నీ గూట్లోనే, పురుగుకు పండగ. నేను కోడిని ఒళ్లో పెట్టుకుని కళ్లకు గుడ్డ కప్పి పట్టుకుంటాను. కళ్లు కప్పితే చాలు, పదేళ్ల నుంచి ఎరిగిన చుట్టంలా ఒళ్లో ఒరిగిపోతుంది. కుళ్లాయప్ప భూతద్దం పెట్టుకుని, పుల్లను చెక్కి, మోడులో దూర్చి, సరైన పొడుగు ఈకను తొడుగుతాడు. జిగురు ఆరేదాకా ఇద్దరం ఊరుకుని కూర్చోవాలి. ఆ ఖాళీలో మాటలు వస్తాయి.

"మీ వదిన పోయినాక ఇంట్లో గడియారం శబ్దం తప్ప ఏమీ వినపడేది కాదు," అన్నాడు ఇవాళ. "అందుకే ఈడికి వస్తానని పేరిచ్చినా. దిగినాక చూస్తే ఈడ అదీ లేదు. కుక్కల్ని చూసుకునేదెవరని అడిగితే చెయ్యెత్తినా. అంతే, వేరే పుణ్యం ఏం లేదు."

కోడి కళ్ల మీది గుడ్డ సర్దాను. నా మాట కూడా చెప్పాను. "గడువు దాటినా సూది నా చేత్తో వేయలేనన్నా. మేడంకు ఆ మాట ఎట్ల చెప్పాలో తెలీకుండా ఉండాది."

"చెప్పే పని పడదులే," అని ఆయన ఈకను ఊదాడు. "ఈ కోడి మేడం కంటే ఎత్తుకు పోతాది."

రోజు 436

ఈకలు అతికించినంత మాత్రాన ఎగరడం రాదు. ఏడాదిగా ఒంటి రెక్కతో బతికినవి, రెండు రెక్కలు ఉన్నాయని వాటికి ఎవరు చెప్పాలి? వంటశాల కప్పు మీదికి ఎక్కించి ఒక్కొక్కదాన్ని గాలిలోకి వదులుతున్నాను. మొదటి రోజు అన్నీ గుండ్రంగా తిరిగి తిరిగి కింద నిలబడ్డ కుళ్లాయప్ప తలపాగా మీద దిగాయి. రెండో రోజు సగం తిన్నగా పోయాయి. ఒకటి హసీనా మేడం ఆఫీసు కిటికీలోంచి లోపలికి పోయి, పని చేసుకుంటున్న ఆమె బల్ల మీద గుడ్డు పెట్టి వచ్చింది.

పుంజు మాత్రం కప్పు అంచున నిలబడి గొంతు సవరించుకుని, ఉపన్యాసం ఇచ్చి, వెనక్కి తిరిగి మెట్ల మీదుగా దిగి వస్తోంది.

రోజు 443

గడువు రోజు. ఊరంతా మళ్ల గట్ల మీద నిలబడింది. ఇరవై అయిదు కోళ్లు పన్నెండెకరాల్లో చెదిరి మేస్తున్నాయి. గాలి సందుల కాపలాకు ఒక్కోదాన్ని గొలుసుతో తిప్పడం తప్ప వారం నుంచి కట్టేసి ఉంచిన పందొమ్మిది కుక్కలు షెడ్డు దగ్గర గొలుసులు తెంచుకునేటట్టు ఉన్నాయి.

"వదలమంటావా?" అని కేకేశాడు కుళ్లాయప్ప.

తల ఊపాను.

కుక్కలు వచ్చాయి. అడుగుకు పది గజాలు దాటుకుంటూ, చెవులు వెనక్కి పెట్టుకుని. కోళ్లు తల ఎత్తలేదు. యాభై గజాలు. నలభై. అప్పుడు పుంజు తల నిక్కించి, గొంతులోంచి ఒక గరగర శబ్దం చేసింది. చేసి, తన ఆడవాళ్లందరినీ అక్కడే వదిలేసి, అందరికంటే ముందు తనే ఎగిరింది.

మరుక్షణం మడి మడంతా లేచింది. ఎర్రవి, నల్లవి, తెల్లవి, చుక్కలవి. టపటపమని ఒకటే మోత. పిల్లలు కేకలు పెట్టారు. కుక్కలు కూడా లేచాయి. కాసేపు మా తలల మీద కోళ్లూ కుక్కలూ కలిసి గాలిలో ఉన్నాయి. తర్వాత కుక్కలు ఒక్కొక్కటే రాలాయి. కోళ్లు రాలలేదు. నలభై అడుగుల మీద దూలం పొడుగునా వరుసగా వాలి, కిందికి చూసి, ఇరవై అయిదూ ఒక్కసారి తిట్ల దండకం ఎత్తుకున్నాయి.

నేను లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి పుంజు ఒక్కచోటే ఉంది. ఇరవై అయిదు.

పక్కనే వింత శబ్దం వినిపించి తిరిగాను. హసీనా మేడం నవ్వుతోంది. ఎర్రబండకు వచ్చాక ఆమె నవ్వు నేనెప్పుడూ వినలేదు. చిన్నపిల్ల ఎక్కిళ్లలాగా ఉంది. దూలం మీది నుంచి ఒకటి సరిగ్గా ఆమె భుజం మీద రెట్ట వేసినా ఆగలేదు.

కుళ్లాయప్ప గట్టు మీద కూర్చుని మల్లి మెడ కావలించుకుని, ముఖం దాని వీపులో దాచుకున్నాడు. నేను అటు చూడలేదు.

రోజు 460

పదిహేడు రోజుల్లో ఒక్క కోడి పోలేదు. వేరుపురుగు తగ్గింది. కుక్కలు రోజుకు నాలుగుసార్లు తరుముతాయి, కోళ్లు నాలుగుసార్లు ఎగురుతాయి. ఇప్పుడు ఎవరికి ఎవరి మీద కోపం ఉన్నట్టు లేదు. కుక్కలు రాని పూట కోళ్లే షెడ్డు ముందుకు పోయి తచ్చాడుతున్నాయి.

రోజు 481

బూడిద పెట్ట దూలం మీదే, రెండు ఇనుప పట్టీలు కలిసే మూలలో ఎప్పుడు గూడు కట్టిందో, ఎప్పుడు పొదిగిందో మాకు తెలియదు. ఇవాళ పది గంటలకు నెత్తి మీద కిచకిచలు వినిపించాయి. కుళ్లాయప్ప దుర్భిణి తెచ్చి చూసి, "తొమ్మిది!" అని అరిచాడు.

ఎర్రబండలో గుడ్డు పగిలి బయటికొచ్చిన మొదటి పిల్లలు ఇవే. అంతకుముందు యంత్రంలో పెట్టిన గుడ్లు ఒక్కటీ పగలలేదు.

తల్లి కిందికి దిగి వచ్చి మడిలో నిలబడి పిలిచింది. పిల్లలు అంచుకు వచ్చి చూశాయి. నలభై అడుగులు. ఆడవాళ్లు కొంగులు పట్టారు, మగవాళ్లు తువ్వాళ్లు పట్టారు. కుళ్లాయప్ప కుక్కలను కట్టడానికి పరుగెత్తాడు గానీ అంత సమయం ఎక్కడిది? మొదటిది దూకేసింది. దూది పింజలా, బుడ్డ రెక్కలు విదిలించుకుంటూ మెల్లగా దిగి ఒక తువ్వాలులో పడి లేచి నిలబడింది. రెండోది, మూడోది. ఊరంతా ఒక్కొక్కదానికి గొంతెత్తి లెక్కచెబుతోంది. ఎనిమిది దిగాయి.

తొమ్మిదోది తప్పు దిక్కుకు దూకింది. అక్కడ కొంగూ లేదు, తువ్వాలూ లేదు. గోధుమ రంగు కుర్ర కుక్క ఒకటి మాత్రం ఉంది. అది పైకి చూసింది, వెనక కాళ్లు కుదించింది.

నాకు యాభై నాలుగేళ్లు. ఇక్కడికి వచ్చిన నాటి నుంచి నేను ఒక్కసారి కూడా దూకలేదు. పిల్లలు దూకుతారు, కుర్రవాళ్లు దూకుతారు. చీర కట్టుకున్న కాంపౌండరు దూకదని నా లెక్క. పరుగెత్తాను. మూడు అంగలు వేసి, నాలుగోదానికి నేల వదిలేశాను.

కుక్కా నేనూ ఒకేసారి లేచాం. దాని నోరు ఇటు నుంచి, నా చెయ్యి అటు నుంచి. పిల్ల నా గుప్పిట్లోకి వచ్చింది, వెచ్చగా, గుండె కొట్టుకుంటూ. కుక్క నా మీదికి వచ్చింది. ఒక చేత్తో పిల్లను ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో కుక్కను కావలించుకున్నాను, గాలిలో పట్టుకోవడానికి వేరే ఏముంది? అది నా ముఖమంతా నాకింది. కింద ఎవరో నా పేరు పెట్టి అరుస్తున్నారు. మళ్లు, గట్లు, ఎత్తిన ముఖాలు, అన్నీ నా పాదాల కింద ఉన్నాయి.

"సుంకమ్మా, దిగు మ్మా!" అంటున్నాడు కుళ్లాయప్ప.

"దిగతాలే అన్నా, నీకేం తొందర!" అన్నాను.